ఫోన్ సంగతి తర్వాత, ముందు ఆ గది సంగతి తేల్చండి

మియాపూర్ నుంచి ఒక సోదరి రాశారు. వయసు 33. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. మంగళ, బుధవారాలు గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తారు, మిగతా మూడు రోజులూ ఇంటి నుంచే పని. ఇంట్లో ఆరేళ్ల బాబు, 68 ఏళ్ల అత్తగారు, ఇదే రంగంలో పూర్తిగా ఇంటి నుంచి పనిచేసే భర్త. ‘ఇంట్లో ఉన్న రోజు పది నిమిషాలకోసారి చెయ్యి ఫోన్ మీదికే పోతోంది. రీల్స్ మొదలుపెడితే అరగంట ఎలా పోతుందో తెలియడం లేదు. ఈసారి అప్రైజల్‌లో రేటింగ్ తగ్గింది. నాకు సంకల్పబలం లేదు. ఏ యాప్ పెట్టుకుంటే ఇది పోతుందో చెప్పండి’ అని అడిగారు.

యాప్ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆండ్రాయిడ్ ఫోన్లలో డిజిటల్ వెల్‌బీయింగ్ ఉంటుంది, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్. ఇన్‌స్టాగ్రామ్‌కి రోజుకి అరగంట టైమర్ పెట్టండి, నోటిఫికేషన్లు ఆపేయండి, పని వేళల్లో ఫోన్ చేతికందని చోట ఉంచండి. బాబు స్కూల్ నుంచి ఫోన్ వస్తే రింగ్ ఎలాగూ వినబడుతుంది. అయితే మీ ఉత్తరంలో ఫోన్ గురించి ఉన్నది ఒక్క పేరా. మిగతాదంతా మీ ఇంటి గురించే రాశారు, అది మీరు గమనించినట్టు లేరు.

‘ఆఫీసుకి వెళ్లిన రోజు ఫోన్ బ్యాగులోంచి తీయడం కూడా గుర్తుండదు’ అని మీరే రాశారు. మంగళ, బుధవారాల్లో ఉన్న సంకల్పబలం గురువారం ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. మారేది మీరు కూర్చునే చోటు.

మీది రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఒకటి అత్తగారిది. రెండోదాంట్లో టేబుల్, కుర్చీ, తలుపు, అన్నీ మీ వారివి. మీది డైనింగ్ టేబుల్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హడావుడిగా ఎవరు ఎక్కడ కూర్చున్నారో అదే ఖాయమైపోయింది. సోమవారం పదకొండు గంటల వేళ ఎలా ఉంటుందో మీరు రాసింది చదివి నాకు మనసు కలుక్కుమంది. టెస్ట్ కేసు తెరిచారు, కొరియర్ అబ్బాయి బెల్లు కొట్టాడు. మళ్లీ కూర్చున్నారు, పనమ్మాయి సర్ఫ్ అయిపోయిందంది. తర్వాత అత్తగారి బీపీ మాత్ర. ఈలోగా గది తలుపు సగం తెరుచుకుంది. మీ వారు హెడ్‌సెట్ పెట్టుకునే, వేళ్లతో కప్పు పట్టుకున్నట్టు సైగ చేశారు. మీరు లేచి కాఫీ పెట్టారు.

ఇలా ముక్కలైన గంటలో బుర్ర పెట్టి చేసే పని ఎలా సాగుతుంది? మనిషి ఏకాగ్రత మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన గ్లోరియా మార్క్, ఒకసారి ఆగిపోయిన పనికి తిరిగి రావడానికి సుమారు 23 నిమిషాలు పడుతుందని చెప్పారు. మీకు వరసగా పదిహేను నిమిషాలే దొరకడం లేదు. ఎప్పుడు ఎవరు పిలుస్తారోనని చెవి అటు వేసుకుని కూర్చున్న మనిషి చేతికి మధ్యలో వదిలేయగలిగిన వస్తువే వస్తుంది. రీల్ అలాంటిదే. రాత్రి అందరూ పడుకున్నాక పన్నెండున్నర దాకా చూస్తున్నానని సిగ్గుపడుతూ రాశారు. రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ పిలవని సమయం అదొక్కటే కదమ్మా. నిద్ర పాడవుతోంది కాబట్టి అది మానాలి, నిజమే. పగలు మీకంటూ ఒక గంట ఉంటే మానడం ఇంత కష్టంగా ఉండదు.

‘ఆయన మంచివారే, పల్లెత్తు మాట అనరు’ అని మూడు చోట్ల రాశారు. నేను కాదనను. కానీ మీరు ఏదైనా పని చెప్పగానే ఆయన అనే మాట ‘నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా’. ఆయనా ఇంట్లోనే ఉన్నారు. మీకంటే రెండు రోజులు ఎక్కువే ఉన్నారు. మీ జీతంతో ఫ్లాటు ఈఎంఐ కడుతున్నారు, మీ కాల్స్ మాత్రం బాల్కనీలో నిలబడి మాట్లాడుకుంటున్నారు. భర్త మీ ఉద్యోగాన్ని ఉద్యోగంగా చూడకపోవడం అసలు సమస్య. ‘ఆయనకి క్లయింట్ కాల్స్ ఉంటాయి కదా’ అని మీరూ దాన్ని ఒప్పేసుకోవడం అంతకంటే పెద్ద సమస్య.

ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు. చేసే మగవాళ్లు 88 నిమిషాలు. అందరిళ్లల్లో అంతేలే అని సరిపెట్టుకోమని నేను చెప్పను. సంపాదించే ఆడపిల్ల తన పనికి తానే విలువ ఇచ్చుకోకపోతే నాకు కోపం వస్తుంది.

అత్తగారి మీద నెపం పెట్టకండి. ఆవిడ పెద్దావిడ, వేళకి మాత్ర అందాలి. పెద్దవాళ్లని చూసుకోవడం మన బాధ్యత అని నేనూ నమ్ముతాను. కానీ ఆవిడని కన్న తల్లిగా చూసుకోవాల్సిన మనిషి తలుపు అవతలే ఉన్నారు. ముందు ఆయన బాధ్యత, తర్వాత మీది.

ఈ ఆదివారం బాబుని నాయనమ్మ దగ్గర ఉంచి ఇద్దరూ బయటికి వెళ్లి మాట్లాడండి. వాట్సాప్‌లో రాయొద్దు, వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ దెప్పొద్దు. మీ రేటింగ్ తగ్గిందన్న సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదని రాశారు, ముందు అది చెప్పండి. ఇంట్లో ఉన్న మూడు రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా ఆ గది మీదని అడగండి. ఆ వేళలో బెల్లు, కొరియర్, పనమ్మాయి, అమ్మగారి మాత్ర, అన్నీ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్లే చూసుకోవాలి. మధ్యాహ్నం నుంచి ఆయన గదిలో, మీరు బయట. ముఖ్యమైన కాల్స్ ఆయనకి పొద్దునే ఉంటే వేళలు అటూ ఇటూ మార్చుకోండి, గది వదులుకోవద్దు. మొదటి వారం ఆయన నాలుగుసార్లు తలుపు కొడతారు. లేవకండి. కాఫీ ఆయనే పెట్టుకోగలరు.