ముత్తాత బల్లెం జెండా అమ్మి పాప ఫీజు కట్టాలా?

ప్రశ్న: మా ముత్తాత నిజాం ఆశ్వికదళంలో పనిచేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్ కాలువ దాకా వెళ్లొచ్చారు. ఆయన బల్లేనికి కట్టిన జెండా నా దగ్గరుంది. లండన్‌లో అమ్ముకుంటానంటూ ఒకాయన 3 లక్షలు ఇస్తానంటున్నారు. పాప ఇంజినీరింగ్ ఫీజుకు 2 లక్షలు తక్కువ పడింది. తమ్ముడేమో వద్దంటున్నాడు.

జవాబు: ఆయనకు మాత్రం ఇవ్వకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. ఆ సంగతి తెలిసీ అమ్మితే మీకూ చిక్కే. ఇక్కడే కొనే వ్యాపారికైనా లైసెన్సు ఉండాలి. పైగా మీ నాన్నగారు వీలునామా రాయకపోతే అందులో తమ్ముడికీ వాటా ఉంటుంది.

జెండాలకు కోట్లు పలుకుతాయన్న మాట మీ చెవిన పడే ఉంటుంది. 1876లో అమెరికా సైన్యానికీ అక్కడి ఆదివాసీలకూ జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ అనే సైన్యాధికారి దళం మోసిన జెండాను డెట్రాయిట్ మ్యూజియం 1895లో 54 డాలర్లకు కొంది. 2010 వేలంలో దానికి 22 లక్షల డాలర్లు వచ్చాయి. లెక్క వేసి చూడండి, 115 ఏళ్లలో ధర పెరిగింది ఏటా సుమారు 9.7 శాతమే. అది కూడా ఏ యుద్ధంలోదో, ఎలా దొరికిందో రాతలో ఉన్న జెండా కాబట్టి.

మీ జెండాకైనా విలువ తెచ్చేది అలాంటి కాగితాలే. ముత్తాతగారి పెన్షన్ పత్రాలు, ఫొటోలు, పతకాలు వెతకండి. ఆనాటి యుద్ధ పతకం అంచు మీద సైనికుడి పేరు చెక్కి ఉంటుంది. హైదరాబాద్ లాన్సర్లు, అంటే నిజాం బల్లెం రౌతులు, అనామకులేం కాదు. ఢిల్లీలోని తీన్‌మూర్తి యుద్ధ స్మారకం మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. మాసాబ్‌ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ బస్తీకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. జెండా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పెద్దవాళ్లనడిగి ఇప్పుడే రాసిపెట్టండి. వాళ్లుండగానే ఆ పని జరగాలి.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. 4 లక్షల వరకు విద్యా రుణానికి బ్యాంకులు తాకట్టు అడగవు. వాయిదాలు చదువయ్యాక ఏడాదికి మొదలవుతాయి. ఈ ఫీజు మళ్లీ వచ్చే ఏడాదీ కట్టాలి, జెండా మాత్రం ఒక్కసారే అమ్మగలరు. నా మాట వింటే అమ్మకండి.

దాన్ని ఉతక్కండి, ఇస్త్రీ చేయకండి, కలరా ఉండలు తగలనివ్వకండి. మడత పెడితే ఆ గీత వెంబడే బట్ట చిరుగుతుంది. శుభ్రమైన నూలు గుడ్డ పరిచి, వెడల్పాటి గొట్టానికి చుట్టి, వెలుతురు పడని చోట పెట్టండి. ఈ ఆదివారం తమ్ముడిని పిలిచి, పాత కాగితాల పెట్టె ఇద్దరూ కలిసే తెరవండి.