మచ్చలకు క్రీమ్ సరే, చెప్పు ఎందుకు జారుతోంది?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పదేళ్లుగా ఆస్తమా ఉంది. రెండు నెలలుగా మోకాళ్ల కింద ఊదారంగు మచ్చలు, పాదాల్లో తిమ్మిర్లు, మంట. రక్తపరీక్షలో ఈసినోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎక్కువగా, 22 శాతం ఉన్నాయన్నారు. మందుల షాపులో ఇచ్చిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రెండుసార్లు వారం చొప్పున వాడితే మచ్చలు తగ్గి, ఆపగానే మళ్లీ వచ్చాయి. పది రోజులుగా కుడికాలి చెప్పు జారిపోతోంది. మచ్చలకు ఏ క్రీమ్ రాయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, క్రీమ్ అవసరం లేదు. లోపలి జబ్బు అదుపులోకి వస్తే మచ్చలు వాటంతటవే మానతాయి. నన్ను కంగారు పెడుతున్నది ఆ చెప్పు. పాదాన్ని పైకెత్తే నరం దెబ్బతిన్నట్టుంది. ఈ రోజే ఫిజీషియన్‌కు చూపించి, నిమ్స్ లాంటి రుమటాలజీ (కీళ్లు, రక్తనాళాల వాపు జబ్బులు చూసే) విభాగమున్న ఆసుపత్రికి వెళ్లండి.

ఆస్తమా, ఈసినోఫిల్స్, మచ్చలు, నరం... ఇవన్నీ కలిస్తే ఈజీపీఏ అనే చిన్న రక్తనాళాల వాస్క్యులైటిస్‌ను (రక్తనాళాలు వాచే జబ్బును) అనుమానించాలి. చూడకుండా ఖాయం చేయలేను. కుష్టు కూడా చర్మాన్నీ నరాన్నీ కలిపే పట్టుకుంటుంది, అది కాదనీ తేల్చుకోవాలి. వాస్క్యులైటిస్‌లో నరానికి రక్తమిచ్చే సన్నని నాళాలు వాచి మూసుకుపోతాయి. తెగిన నరపు పోగు మళ్లీ పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. మోకాలి నుంచి పాదం దాకా రావాలంటే ఎన్ని నెలలో లెక్కేసుకోండి.

షాపు మాత్రల గురించి గట్టిగానే చెప్పాలి. ఆ వారం రోజుల స్టెరాయిడ్ మచ్చను చెరిపింది కానీ నరాన్ని కాపాడలేదు. పైగా ఈసినోఫిల్స్ తగ్గిపోయి, బయాప్సీలో (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలో) ఏమీ కనిపించకుండా పోవచ్చు. మళ్లీ వేసుకోకండి. వాడిన మాత్రల అట్టలు మాత్రం డాక్టరుకు చూపించండి. బయాప్సీకి ఒకటి రెండు రోజుల కొత్త మచ్చ కావాలి. నరాల పనితీరుకు నర్వ్ కండక్షన్, వాస్క్యులైటిస్‌కు ఆంకా అనే రక్తపరీక్ష, కిడ్నీలకు క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, రక్తకణాలు చూస్తారు. ఆంకా నెగెటివ్ అని ఊరుకోవద్దు, ఈజీపీఏలో సగానికి పైగా నెగెటివే. గుండెకు ఈసీజీ, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, ఎకో తప్పనిసరి. ఈ జబ్బులో ప్రాణం తీసేది ఎక్కువగా గుండే.

నరం దెబ్బతింటే ఒక్క స్టెరాయిడ్ సాధారణంగా చాలదు. మూడు రోజులు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ సెలైన్‌లో, తర్వాత కిలో బరువుకు 1 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్, దాంతోపాటు రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోఫాస్ఫమైడ్ లేదా రిటుక్సిమాబ్ ఇస్తుంటారు. ముందుగా హెపటైటిస్ బి, సి, టీబీ పరీక్షలు చేయాలి. రిటుక్సిమాబ్‌తో అణగి ఉన్న హెపటైటిస్ బి తిరగబెట్టవచ్చు. స్ట్రాంగిలాయిడ్స్ అనే పురుగు ఉందేమో కూడా చూడమనండి: ఈసినోఫిల్స్ దానివల్లా పెరుగుతాయి, స్టెరాయిడ్‌తో అది ఒళ్లంతా పాకవచ్చు. నెలల తరబడి వాడే స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణాపాయం రావచ్చు.

చీలమండ బిగుసుకోకుండా పాదానికి స్ప్లింట్ (ఆధారపు పట్టీ) వేసుకోండి. తిమ్మిరి కాలికి వేడినీళ్ల కాపడం వద్దు, కాలినా తెలియదు. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం, మూత్రం తగ్గడం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకే.