నాన్నగారికి ఈలలు పడవు, అబ్బాయికి నిశ్శబ్దం పడదు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సినిమా హాలు గొడవలే. ఇళ్లలో ఇంత జరుగుతోందని నాకు తెలీదు సుమా.

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్భై నాలుగేళ్లు, రిటైరైన మాస్టారు. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడు. 2024 ఆగస్టులో ‘మురారి’ మళ్లీ విడుదలైతే, తాతకి చూపిస్తానని వాడే టిక్కెట్లు బుక్ చేశాడు. పెళ్లి పాట రాగానే హాలంతా లేచి నిలబడింది. ఎవరో దండలు తెచ్చుకున్నారు, ఎవరో అక్షింతలు చల్లారు, అవి మా నాన్నగారి నెత్తిన కూడా పడ్డాయి. ఆయన కండువాతో తల దులుపుకుని పాట మధ్యలోనే బయటికి నడిచారు. అప్పట్నుంచి తాతా మనవళ్ల మధ్య సినిమా మాటే లేదు. ఇద్దరిలో ఎవరికి నచ్చజెప్పాలి?
– ఓ గృహిణి, తెనాలి

జవాబు: ఎవరికీ వద్దమ్మా. ఈసారి టిక్కెట్లు వేరే రోజుకి తీసుకోండి, అంతే.

మీ అబ్బాయి వెళ్లింది సినిమాకని మీరనుకుంటున్నారు. ‘మురారి’ వచ్చింది 2001లో, అప్పటికి వాడు పుట్టనేలేదు, అయినా టీవీలో ఈపాటికి ఇరవైసార్లు చూసే ఉంటాడు. కథ తెలుసు, డైలాగులు నోటికొచ్చు. వాడు వెళ్లింది పెళ్లికి! మహేశ్ బాబు పుట్టినరోజు నాడు ఆ సినిమా వేసిన చాలా హాళ్లలో కుర్రకారు దండలు మార్చుకుని అదే తంతు చేశారు. ‘ఆరెంజ్’ సంగతే చూడండి, 2010లో ఆడలేదు, 2023లో మళ్లీ వేస్తే పిల్లలు ప్రతి పాటా తెరతో పాటు గొంతెత్తి పాడారు. ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు దొరికే సినిమాకి డబ్బులు పెట్టి వెళ్లడమెందుకంటే, గదిలో ఒక్కడే కూర్చుని పాడితే పిచ్చివాడంటారు కాబట్టి.

మీ నాన్నగారి లెక్క వేరు. ఆయన కాలంలో సినిమా ఊరు దాటిపోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. మధ్యలో రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం, అంటే సినిమా మాటలూ పాటలూ కుదించి, వేస్తే చెవులు రిక్కించుకుని వినడమే. అందుకని హాల్లో ఒక్క మాట కూడా జారిపోకుండా వినేవాళ్లు. ఇప్పటికీ పక్కవాడు దగ్గినా ఆయనకి ఏదో డైలాగు పోయినట్టే ఉంటుంది.

అలాగని ఆ తరమంతా నోరు మూసుకుని కూర్చుందంటే మాత్రం నేనొప్పుకోను, నేనూ ఆ నేలక్లాసులో కూర్చున్నదాన్నే. మా ఊరి టూరింగ్ టాకీసులో కింద ఇసుక. ముందువాడి తల అడ్డమొస్తోందని ఇసుక కుప్ప చేసుకుని దాని మీద ఎక్కి కూర్చునేవాళ్లం, వెనకవాళ్లు ఇంకా పెద్ద కుప్ప చేసేవాళ్లు, సగం సినిమా అయ్యేసరికి ఎవడో ఒకడు ఎవడి కుప్పనో కాలితో తన్నేవాడు, ఇక చూస్కోండి. ఉన్నది ఒకటే ప్రొజెక్టరు కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఒక విశ్రాంతి, ఆ కాసేపూ కొట్లాట. తెర మీద దేవుడు కనిపిస్తే మా అమ్మమ్మ కొంగులో దాచుకున్న కర్పూరం తీసి వెలిగించేది, డేరా అంటుకుంటుందేమోనని గేటు అబ్బాయి పరిగెత్తుకొచ్చేవాడు. పాటొస్తే తెర మీదికి చిల్లర విసిరేవాళ్లు. ఆట అయ్యాక ఆ చిల్లర ఏరుకోవడానికి మళ్లీ మేమే. మాస్టారు కాకముందు మీ నాన్నగారు ఓ రూపాయైనా విసిరారేమో మెల్లగా అడగండి. నవ్వితే విసిరినట్టే.

కాబట్టి రీ రిలీజ్ మొదటిరోజు మీ అబ్బాయిని స్నేహితులతో పంపేయండి. అది వాళ్ల జాతర, అక్కడ పెద్దాయన్ని కూర్చోబెట్టడం ఇద్దరికీ శిక్షే. నాన్నగార్ని ఏదైనా కొత్త సినిమాకి, మొదటి వారం గడిచాక సోమవారమో మంగళవారమో మ్యాట్నీకి తీసుకెళ్లండి, హాలు ఖాళీగా ఉంటుంది, అంచు సీటు దొరుకుతుంది, బాత్రూమ్‌కి వెళ్లాలన్నా పదిమంది మోకాళ్లు దాటక్కర్లేదు. (ఈ వయసులో సినిమా బావుందా లేదా అన్నది ఆ చివరి విషయం మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది, నా అనుభవం.) మనవణ్ణే తోడు పంపండి. తాత పక్కన ఈల వెయ్యకుండా రెండున్నర గంటలు కూర్చోగలడో లేదో వాడికీ తెలుస్తుంది.

ప్రశ్న: మేం ఒక్క ఈల వేస్తే వెనక సీటు అంకుల్ “ఇది ఫ్యామిలీలు వచ్చే చోటు బాబూ” అన్నాడు. పది నిమిషాలకి అదే అంకుల్‌కి ఫోనొస్తే “ఆఁ, సినిమాలో ఉన్నా, చెప్పు” అని ఏదో స్థలం బేరం మొత్తం మాట్లాడాడు. దీనికేమంటారు?
– ఓ డిగ్రీ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: ఆ స్థలం ఎంతకి తెగిందో రాయలేదేం? అంకుల్‌ది ముమ్మాటికీ తప్పే. ఫోను సంగతి వచ్చింది కాబట్టి మీకూ ఒకటి చెప్పాలి. హీరో ఎంట్రీ రాగానే మీ వరసలో అందరూ ఫోన్లు పైకెత్తి తెరని వీడియో తీసి స్టేటస్ పెడతారే, అది ఈలలాంటిది కాదు నాయనా, నేరం. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో సినిమాని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, తక్కువలో తక్కువ 3 లక్షల జరిమానా అని పెట్టారు. పైరసీ ముఠాల కోసం తెచ్చిన చట్టమే అనుకోండి. అయినా నీ ముందు ఇరవై ఫోన్ల వెలుగు ఉంటే ఆ ఎంట్రీ నీకు మాత్రం ఏం కనిపించింది?

ప్రశ్న: ఎనిమిదేళ్ల మనవరాల్ని సినిమాకి తీసుకెళ్తే తెర నిండా నరుకుడే. పిల్ల నా చేయి వదల్లేదు. మా రోజుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లేవాళ్లం. ఇప్పుడెలా తెలుసుకోవాలి?
– ఓ తాతయ్య, కరీంనగర్

జవాబు: ఇదివరకు సెన్సారు సర్టిఫికెట్లలో యు/ఎ (పెద్దలు చూసుకుని పిల్లలకి చూపించాల్సింది) అని ఒకటే ఉండేది, దాని కింద పన్నెండేళ్ల లోపు పిల్లలంతా ఒకటే. 2024లో నిబంధనలు మార్చి దాన్ని మూడు చేశారు, యు/ఎ 7+, 13+, 16+ అని. టిక్కెట్ యాప్‌లో సినిమా పేరు దగ్గరే ఉంటుంది. అది పెద్దలకి సూచన మాత్రమే, 16+ సినిమాకి మీ మనవరాలితో వెళ్తే మిమ్మల్ని ఆపాలన్న రూలు లేదు. ‘ఎ’ అయితేనే పద్దెనిమిది నిండనివాళ్లకి ప్రవేశం ఉండదు. మీ ఇంట్లో కుర్రాళ్లని అడిగితే యాప్ తెరిచి చూపిస్తారు. మీ రోజుల్లోనూ కత్తియుద్ధాలు ఉండేవిగా, కాకపోతే కత్తి తగిలినవాడు రక్తం చుక్క లేకుండా చక్కగా పడిపోయేవాడు.

ప్రశ్న: సినిమా అయిపోయినా పిల్లలు సీట్లోంచి లేవరేంటండీ?
– ఓ అమ్మ, రాజమండ్రి

జవాబు: మన సినిమాల్లో పేర్లన్నీ ముందే పడేవి. చివర్న అందరూ వరసగా నిలబడి నవ్వితే శుభం. ఇప్పుడు చాలా పేర్లు చివర్న పడుతున్నాయి, వాటి తర్వాత రెండో భాగానికి ఓ ముక్క చూపిస్తారేమోనని పిల్లల ఆశ. మనకేమో శుభం కార్డు పడేదాకా కూడా ఆగే అలవాటు లేదు. విలన్‌ని పోలీసులు పట్టుకోగానే మా నాన్న నా చేయి పట్టుకుని లాగేవాడు. ఆలస్యమైతే సైకిల్ స్టాండ్‌లో మా సైకిలు ముందు నలభై సైకిళ్లు ఉండేవి, టోకెన్ చూపించి ఒక్కోటీ పక్కకి జరిపించేసరికి అర్ధరాత్రి దాటేది. ఎన్ని సినిమాల్లో హీరో హీరోయిన్లకి పెళ్లయిందో నాకు ఇప్పటికీ తెలీదు.