గాజువాక ట్రాఫిక్‌లో వేడి, హైవే మీద మామూలు: ముందు ఫ్యాన్ చూడండి

మీ 2002 మారుతి జెన్ కారు విశాఖ గాజువాక సిగ్నళ్ల దగ్గర వేడెక్కుతోందని, ఆనందపురం హైవే ఎక్కగానే టెంపరేచర్ ముల్లు దిగిపోతోందని, అదీ రోజూ కాదని రాశారు. సగం జవాబు అందులోనే ఉందండి. బండి పరుగెడితే రేడియేటర్‌కి గాలి దానంతటదే తగులుతుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. మెకానిక్ చెప్పిన వాటర్ పంపు మార్పిడి ఇప్పుడే వద్దు.

ఏసీ ఆపి, ఇంజన్‌ని ఐడిల్‌లో వదిలి ముల్లునే గమనించండి. సగం దాటి పైకి పోతున్నా రేడియేటర్ ఫ్యాన్ తిరగకపోతే దొంగ దొరికినట్టే. ఇంజన్ ఆపి, చల్లారాక ఫ్యూజు, రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్), ఫ్యాన్ కనెక్టర్ (వైర్లు కలిసే ప్లగ్గు) చూడండి. మా ఇల్లు బీచ్‌కి దగ్గర. మా పాత కారులో ఇదే బాధ వస్తే, కనెక్టర్ ఊడదీశాను. పిన్నుల మీద పచ్చటి పొడి, ఒక పిన్ను నల్లగా మాడి ఉంది. ఉప్పుగాలి చేసే పనే అది. ఒకరోజు కరెంటు అందుతుంది, ఒకరోజు అందదు. కనెక్టర్ మార్చాక మళ్లీ ఆ టెన్షన్ లేదు.

కనెక్టర్ బాగుంటే ఫ్యాన్‌కి నేరుగా బ్యాటరీ కరెంటు ఇప్పించి చూడండి. తిరగకపోతే మోటారు పోయినట్టు. తిరిగితే తప్పు, వేడిని బట్టి ఫ్యాన్‌ని ఆన్ చేసే స్విచ్‌లోనో వైరింగ్‌లోనో ఉంది.

ఫ్యాన్ సరిగ్గా తిరుగుతున్నా వేడెక్కితే రేడియేటర్ మూత రబ్బరు, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) మట్టం చూడండి. లీకు కనబడకుండా కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పరీక్ష చేయించాలి, ఆలస్యం చేయొద్దు. వేడి మీద మాత్రం మూత తిప్పకండి, మరిగే నీళ్లు ముఖం మీదకి చిమ్ముతాయి.