కాయిల్ ఆర్డర్ పెట్టకు, ముందు అమ్మీటర్ సూది చూడు

ఒరేయ్ అల్లుడూ,

అక్క నిన్న ఫోన్ చేసి చెప్పింది, బావ బుల్లెట్‌ని షెడ్డులోంచి తీసి పొద్దుట్నుంచీ కిక్ కొడుతూనే ఉన్నావంట, ప్లగ్ మార్చినా కరెంట్ రావట్లేదంట, ఇప్పుడు కాయిల్ (ప్లగ్‌కి స్పార్క్ పుట్టించే తీగ చుట్ట) ఆర్డర్ పెడతానంటున్నావంట. ఆగరా బాబూ. అది 1994 మోడల్, పాయింట్ల బండి, అంటే కాయిల్‌కి వెళ్ళే కరెంట్‌ని కలిపి తెంచే చిన్న స్విచ్ ఉంటది, తెంచినప్పుడే స్పార్క్ వస్తది. నీ బండిలాగా సీడీఐ (స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ డబ్బా) పోయిందంట, మార్చి పారేద్దాం అనుకునే రకం కాదు, దీంట్లో కరెంట్ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో బండే చెప్తుంది, అడగడం తెలియాలంతే.

బ్యాటరీ సంగతి ముందు తేల్చెయ్. ఆరేళ్ళు షెడ్డులో ఉన్న బ్యాటరీ మీద ఆశలు పెట్టుకోకు, అమ్మ స్కూటీ బ్యాటరీ తెచ్చి తాత్కాలికంగా కలుపు, అదీ 12 వోల్టులే. ఫ్యూజ్ తీసి హోల్డర్ లోపల చూడు, ఫ్యూజ్ బానే ఉంటది కానీ హోల్డర్‌కి పచ్చగా చిలుం పట్టి ఉంటది. ఎర్త్ వైరు (బ్యాటరీ నుంచి బండి బాడీకి వెళ్ళేది) బిగించిన చోట పెయింటు, తుప్పు గీకెయ్. సీటు కింద వైర్లు ఎలకలు కొరికాయేమో కూడా చూడు, మన షెడ్డు సంగతి తెలుసుగా.

ఇప్పుడు అసలు పని. హెడ్‌లైట్ పైన చిన్న అమ్మీటర్, అదే కరెంట్ ఎంత పోతోందో చూపే మీటర్, ఉంది చూడు, చాలామంది అది అందానికి పెట్టారనుకుంటారు. లైట్లన్నీ ఆపేసి తాళం ఆన్ చెయ్, డీకంప్రెసర్ లివర్ (ఇంజన్ లోపలి ఒత్తిడి వదిలేసేది) నొక్కి పట్టుకుని కిక్ రాడ్‌ని మెల్లగా కిందకి దించు. కొట్టొద్దు, దించు. సూది మైనస్ వైపు కాస్త వాలి మళ్ళీ మధ్యకి రావాలి, ఇంకాస్త తిప్పితే మళ్ళీ వాలాలి. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్ మూడు నాలుగు ఆంప్స్ లాగుతుంది కాబట్టి వాలుద్ది, తెరుచుకోగానే లేస్తుంది. అలా ఊగిందా, బ్యాటరీ, ఫ్యూజ్, స్విచ్, పాయింట్లు, కాయిల్‌లో మొదటి చుట్ట అన్నీ బానే ఉన్నట్టు. నువ్వు ఒక్క స్పానర్ పట్టకుండా సగం బండి చెక్ చేసేశావు.

సూది అసలు కదలకపోతే? షెడ్డులో పడున్న బండికి నూటికి తొంభై ఇదే అవుద్ది, పాయింట్ల మీద మసక పట్టి ఉంటది. ఇంజన్‌కి కుడి పక్కన గుండ్రటి మూత తీస్తే కనపడతాయి. సన్నటి ఎమరీ పేపర్ మడిచి రెండు పాయింట్ల మధ్య రెండు మూడుసార్లు లాగు, తర్వాత పెట్రోల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, చివర్లో తెల్ల కాయితం ముక్క పెట్టి పాయింట్లు మూసి లాగు. మొదటిసారి కాయితం మీద నల్లటి గీత పడుద్ది, గీత పడనంత వరకూ లాగుతూనే ఉండు. కొత్త పాయింట్లు వేసినా ఇలా తుడవాల్సిందే, వాటి మీద నూనె పూత ఉంటది, చాలామంది అక్కడే మోసపోతారు. గ్యాప్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు) కొనుక్కో, కంటి కొలత వద్దు.

సూది మైనస్‌లోనే అతుక్కుపోయి లేవకపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదన్నా, కండెన్సర్ (పాయింట్ల దగ్గర మెరుపు రాకుండా ఆపే చిన్న డబ్బా) లోపల షార్ట్ అయిందన్నా, లేకపోతే నేను చేసిన పనే నువ్వూ చేశావనన్నా అనుకో. పెళ్ళైన కొత్తలో పాయింట్లు నేనే మారుస్తానని కూర్చుని, చొక్కా గుండీ అంత ఉండే ఫైబర్ వాషర్‌ని తిరగామరగా వేశా, వైరు పోయి బాడీకి తగిలి ఎప్పుడూ ఎర్త్‌లోనే ఉంది. మీ అత్త చూస్తుండగా గంటన్నర కిక్ కొట్టి చివరికి మెకానిక్ దగ్గరికి తోసుకెళ్తే, అతను మూత తీసి వాషర్ వేలి మీద పెట్టి చూపించి నవ్వాడు, డబ్బులు కూడా తీసుకోలా. కాబట్టి విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకో.

సూది చక్కగా ఊగుతూ కూడా స్పార్క్ లేదంటే అనుమానం కండెన్సర్ మీదా, ప్లగ్ వైపు వైరు మీదా పెట్టుకో. పెట్రోల్ ట్యాప్ కట్టేసి ప్లగ్ విప్పి, క్యాప్ తగిలించి, ప్లగ్ బాడీ హెడ్‌కి తగిలేలా ఆనించు, కానీ ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టు, లోపలి పెట్రోల్ ఆవిరి అంటుకుందంటే కనుబొమ్మలు పోతాయి. చేత్తో పట్టుకోకు. నీలంగా చిటుక్కుమంటే సరే, సన్నగా నారింజ రంగులో వస్తూ పాయింట్ల దగ్గర మాత్రం పెద్ద మెరుపు కనపడితే కండెన్సర్ పోయినట్టే. అది చవక సామాను, అనుమానం వస్తే మార్చెయ్. అసలేమీ రాకపోతే ప్లగ్ క్యాప్ తిప్పి వైరు నుంచి ఊడదీసి, వైరు చివర పావు అంగుళం కత్తిరించి మళ్ళీ బిగించు. సగం బళ్ళు అక్కడే లేస్తాయి.

ఇవన్నీ అయ్యాకే కాయిల్ జోలికి పో. కాయిల్ నుంచి పాయింట్లకి వెళ్ళే వైరు పాయింట్ల దగ్గర ఊడదీసి, కండెన్సర్ మాత్రం దానికి కలిసే ఉండేలా చూసుకుని, ఆ వైరు కొసని ఇంజన్‌కి తగిలించి తీస్తూ ఉండు, తీసిన ప్రతిసారీ ప్లగ్ దగ్గర స్పార్క్ రావాలి. కొత్త కండెన్సర్‌తో కూడా రాలేదా, అప్పుడు కాయిల్‌ని తిట్టుకో.

గ్యాప్ మారిస్తే టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, కూడా మారుద్ది, స్పార్క్ వచ్చాక కిక్ వెనక్కి తంతే మాత్రం ఇక కొట్టకు, మడమ పోద్ది, ఆదివారం నేనొచ్చి పెడతా. ఈలోపు తాళం ఆన్‌లో వదిలేసి భోజనానికి పోకు, పాయింట్లు మూసుకుని ఉన్నాయంటే కాయిల్ కాలి కూర్చుంటది, అప్పుడు నిజంగానే ఆర్డర్ పెట్టుకోవాల్సొస్తది.

మావయ్య