బీపీ ఉంటే యాకిసోబా మానేయాలా?

ప్రశ్న: నా వయసు 41. టోక్యోలో ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఇంటికొచ్చేసరికి బాగా ఆలస్యం అవుతుంది, అందుకే వారంలో నాలుగైదు రాత్రులు యాకిసోబానే (జపాన్ వాళ్ల వేయించిన నూడుల్స్). ఈమధ్య బీపీ 150/96 ఉందని డాక్టర్ టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టారు. ఇక ఇది తినకూడదా?

జవాబు: తినొచ్చు. కాకపోతే నాలుగైదు రాత్రులు ఎక్కువ, రెండుకు తగ్గించండి, చేసే పద్ధతి కూడా మార్చండి.

అసలు ఇబ్బంది నూడుల్స్ కంటే వాటితో వచ్చే సాస్ పొడిలో ఉంది. ప్యాకెట్ వెనక 'షొకుఎన్ సోటోర్యో' అనే చోట ఉప్పు ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, ఒకసారి చూడండి. ఒక్కరు తినే ప్యాకెట్‌లోనే 3 గ్రాముల దాకా ఉండటం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలంటోంది, మరి మధ్యాహ్నం మీరు రామెన్ తిని సూప్ అంతా తాగేసి ఉంటే, రాత్రి పక్కన ఇంత ఆవకాయ కూడా వేసుకుంటే లెక్క ఎక్కడికి పోతుందో చూసుకోండి.

ఇలా చేసుకోండి. పాన్‌లో ఒక చెంచా నూనె, వెల్లుల్లి, చికెన్ ముక్కలు వేసి అవి బాగా ఉడికాక పెద్ద మంట మీద క్యాబేజీ, క్యారెట్, మొలకలు వేయండి. కూరలు నూడుల్స్ కంటే ఎక్కువ కనిపించాలి, కడుపు వాటితోనే నిండాలి. నూడుల్స్ మీద కాస్త నీళ్లు చల్లి విడదీసి కలపండి. సాస్ పొడి సగమే, అదీ చివర్లో వేయండి, రుచి పైపైనే అంటుకుని ఉంటుంది కాబట్టి తక్కువైనట్టు అనిపించదు. మిరియాల పొడి, నిమ్మరసం ధారాళంగా వేసుకోవచ్చు. ఎర్ర అల్లం ఊరగాయ వద్దు, అందులోనూ ఉప్పే. వేడినీళ్లు పోసుకునే కప్పు యాకిసోబా అయితే కొనకపోవడమే మంచిది.

ఒక ముఖ్యమైన మాట. ఉప్పు తగ్గించాలని మీ అంతట మీరే 'లో సోడియం' ఉప్పు కొనకండి. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. కొనే ముందు మీ డాక్టర్‌ని తప్పకుండా అడగండి, కిడ్నీ పరీక్ష చేయించుకుని చాలాకాలమైతే అదీ చెప్పండి.

బీపీ తగ్గింది కదా అని మాత్ర మీరే ఆపేయొద్దు. రోజూ ఉదయం మాత్ర వేసుకోకముందు ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూసి రాసుకోండి, ఆ కాగితం డాక్టర్‌కి చూపిస్తే మోతాదు సంగతి ఆయన చూసుకుంటారు.