రాత్రి లైట్లు ఆర్పితే కోడి బరువు తగ్గుతుందా?

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర కంపెనీ కోళ్లు పెంచుతున్నాను. 5,000 కోళ్ల ఓపెన్ షెడ్డు. మేత బాగా తింటాయని రాత్రంతా లైట్లు వేసే ఉంచుతాను. పోయిన బ్యాచ్‌లో 25 రోజులు దాటాక, బాగా ఎదిగిన పుంజులే తెల్లారేసరికి వెల్లకిలా పడి చచ్చి ఉండేవి. కొన్ని కుంటేవి. సూపర్‌వైజర్ రాత్రి లైట్లు ఆర్పమంటున్నాడు. బరువు పడిపోదా? నీలం బల్బులు మంచివంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆర్పేయండి. మీ సూపర్‌వైజర్ మాట వినండి.

వెలుతురు ఉన్నంతసేపూ తింటాయి, తిన్నదంతా బరువవుతుంది అన్న లెక్క మొదటి వారానికే. అప్పుడు పిల్లలకు నీళ్లూ మేతా ఎక్కడున్నాయో కనపడాలి కాబట్టి 23 గంటల వెలుతురు, వాటి తల ఎత్తులో 20 నుంచి 40 లక్స్ (వెలుతురు కొలత) ఉండాలి (ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి ఊక మీద పెట్టి చూడండి, ఉజ్జాయింపుగా తెలుస్తుంది). మిగిలిన ఆ గంట చీకటి మాత్రం మానొద్దు. అలవాటు లేని పిల్లలు కరెంటు పోగానే బెదిరిపోయి, మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఊపిరాడక చస్తాయి. బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట) వేడికి కూడా బల్బులే వాడుతుంటే ఆ గంట వెచ్చదనానికి బొగ్గుల కుంపటో గ్యాస్ బ్రూడరో చూసుకోండి.

వారం దాటాక చీకటిని మెల్లగా 4 నుంచి 6 గంటలకు పెంచండి. బ్రాయిలర్‌లో (మాంసం కోడిలో) కండ పెరిగినంత వేగంగా గుండె, కాళ్ల ఎముకలు గట్టిపడవు. చీకటి ఉంటే ఆ దూకుడు కాస్త తగ్గుతుంది. మీరు చెప్పిన వెల్లకిలా చావులు, కుంటడం ఎక్కువగా ఇలా దూసుకుపోయే పుంజుల్లోనే కనిపిస్తాయి. చీకట్లో పడుకున్నప్పుడు వాటిలో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరుతుంది, రోగనిరోధక శక్తికి అది మంచిది. కుంటడానికి వేరే కారణాలూ ఉంటాయి, కాబట్టి ఈసారి చచ్చిన కోడిని పశువైద్యుడితో కోయించి చూపించండి.

ఇక బరువు. రెండో వారం తూకంలో కాస్త వెనకబడినట్టు కనిపిస్తే టెన్షన్ పడొద్దు, లిఫ్టింగ్ (కోళ్లను అమ్మకానికి పట్టుకెళ్లే) నాటికి చాలావరకు అందుకుంటాయి. మేత వృథా తగ్గి ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు ఎంత మేత పట్టిందన్న లెక్క) మెరుగవుతుంది, మోర్టాలిటీ (చావులు) తగ్గుతుంది, మీ గ్రోయింగ్ చార్జీ (పెంచినందుకు కంపెనీ ఇచ్చే డబ్బు) తేలేది వీటి మీదే కదా! యూరోపియన్ యూనియన్ అయితే రోజుకు కనీసం 6 గంటల చీకటి, అందులో 4 గంటలు ఏకబిగిన ఉండాలని 2007లోనే నిబంధన పెట్టింది.

కంపెనీ పుస్తకాల్లో రాసే 5, 10 లక్స్ లెక్కలు ఈసీ షెడ్లకు (అన్ని వైపులా మూసి, గాలీ వెలుతురూ అదుపులో ఉంచేవాటికి). ఓపెన్ షెడ్డులో పగటి వెలుతురు మన చేతిలో లేదు, రాత్రే ఉంది. చలికాలంలో 9 గంటలకు ఆర్పి 3 గంటలకు వేయండి. ఎండాకాలం పగలు రొప్పుతూ మేత ముట్టవు, చల్లబడ్డాకే తింటాయి, అందుకని రాత్రి 11 నుంచి 3 దాకా చీకటి చాలు. ఆర్పే టైము రోజుకోలా మార్చొద్దు, మధ్యలో టార్చి వేసుకుని తిరగొద్దు. లైటు పడగానే అన్నీ మేత మీద ఎగబడి గోళ్లతో గీసుకుంటాయి, అప్పటికే ఫీడర్లు నిండుగా ఉండాలి.

నీలం, ఆకుపచ్చ వెలుతురులో కోళ్లు నెమ్మదిగా ఉంటాయి, ఎదుగుదలకూ మంచిదని ప్రయోగాల్లో తేలింది. కానీ పగలంతా ఎండ వెలుతురే ఉండే మీ షెడ్డుకు దానికోసం డబ్బు పెట్టక్కర్లేదు. లిఫ్టింగ్ రాత్రికి రెండు నీలం బల్బులు పెట్టుకోండి, కోళ్లు బెదరకుండా పట్టుబడతాయి.